ఉత్పత్తి విధానం, సమాజ రూపం: కోలారు సీమ చరిత్ర చెప్పే పాఠం

మానవ సమాజాలు కాలక్రమంలో ఎందుకు మారుతాయి అన్న ప్రశ్నకు పెద్దలు పలువిధాలుగా సమాధానం చెప్పారు. రాజుల పరాక్రమం వలన అన్నవారు కొందరు, మతాచార్యుల బోధల వలన అన్నవారు మరికొందరు. మనుష్యులు తమ కూడును, గుడ్డను ఏ పనిముట్లతో, ఎవరి శ్రమతో, ఏ ఒప్పందం మీద సంపాదించుకొంటున్నారో దానిని బట్టే వారి ఊళ్ళు, చట్టాలు, ఆలోచనలు రూపుదిద్దుకొంటాయన్నది మూడవ సమాధానం. ఇది ఎంతవరకు నిజమో పరీక్షించడానికి దూరదేశాల చరిత్ర తిరగవేయనక్కర లేదు. కర్ణాటకానికి తూర్పు అంచున, ఒక ప్రక్క రాయలసీమను, మరొక ప్రక్క తమిళనాడును ఒరసికొని ఉన్న కోలారు సీమ చాలును. ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి ప్రాంతాలలో తరతరాలుగా తెలుగు ఇంటిభాషగా వర్ధిల్లుతున్న ఈ నేల మీద చెరువు, గని, పట్టు, పాలు, బోరుబావి, కర్మాగారం ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయి. వచ్చిన ప్రతిదీ మనుష్యుల మధ్య సంబంధాలను కొంత మార్చి వేసింది. అయితే అన్నిటినీ మార్చలేదు. ఆ మార్చలేకపోయిన భాగం కూడ మనకు పాఠమే.

సిద్ధాంతం ఏమంటుంది?

స్కాట్లండు తత్త్వవేత్త ఆడమ్ స్మిత్ 1760వ దశకంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాలలో మానవ సమాజానికి నాలుగు దశలను చెప్పాడు: వేట, పశుపాలన, వ్యవసాయం, వాణిజ్యం. ఒక్కొక్క దశలో ఆస్తి అన్న మాటకు అర్థం మారుతుందనీ, అర్థంతో పాటు చట్టమూ మారుతుందనీ ఆయన వాదన. తరువాత ఒక శతాబ్దానికి కార్ల్ మార్క్స్ 1859లో ప్రచురించిన అర్థశాస్త్ర విమర్శ గ్రంథపు పీఠికలో ఈ ఆలోచనకు గట్టి రూపం ఇచ్చాడు. పనిముట్లు, నైపుణ్యం, శ్రమ కలిసి ఉత్పత్తి శక్తులు. భూమి ఎవరిది, పనిముట్టు ఎవరిది, పండినదానిలో ఎవరికెంత అన్నవి ఉత్పత్తి సంబంధాలు. శక్తులు ఎదిగి, పాత సంబంధాలు వాటికి సంకెళ్ళుగా మారినపుడు సమాజం కుదుపునకు లోనవుతుందని ఆయన సిద్ధాంతం.

మన దేశంలో ఈ దృష్టితో చరిత్రను పరిశీలించినవారిలో దామోదర ధర్మానంద కోశాంబి అగ్రగణ్యుడు. 1956లో వెలువడిన భారత చరిత్ర అధ్యయన గ్రంథంలో ఆయన రాజవంశాల జాబితాకు మారుగా ఉత్పత్తి సాధనాలలో, సంబంధాలలో వరుసగా వచ్చిన మార్పులనే చరిత్రగా పరిగణించాడు. గ్రామదేవతలను, బాటల ప్రక్కన రాళ్ళను, పనివాండ్ర ఆచారాలను కూడ చరిత్రకు ఆధారాలుగా స్వీకరించాడు.

చెరువు కట్టిన సమాజం

కోలారు సీమలో ఏడాది పొడుగునా పారే జీవనది లేదు. పాలారు, ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని ఈ చుట్టుప్రక్కల కొండలలోనే పుట్టినా, వానాకాలం దాటితే ఇసుకే మిగులుతుంది. అందువలన కురిసిన నీటిని పట్టి నిలుపుకొనడమే ఇక్కడి జీవనాధారం. ఎగువ చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండే విధంగా గొలుసుకట్టుగా వేల చెరువులు వెలసినాయి. పూర్వపు మైసూరు సంస్థానంలో చెరువులకు పేరుగాంచిన జిల్లా కోలారు.

చెరువు ఒక్కరి వలన అయ్యే పని కాదు. కడప మండలంలోని పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఈ సంగతిని చక్కగా తెలుపుతుంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు త్రవ్వించిన ఆ చెరువుకు రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు పనిచేసినట్లు అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను కూడ శాసనం వివరించింది. చెరువు కట్టించినవానికి, బాగుచేయించినవానికి ఆయకట్టులో కొంత భూమిని ఇనాముగా ఇచ్చే ఆచారం రాయలసీమలో దశబంధమనే పేర, కన్నడ శాసనాలలో కట్టు కొడగి అనే పేర కనిపిస్తుంది. పేర్లు వేరైనా సూత్రం ఒకటే: నీటిని నిలిపినవానికి నేలలో వాటా.

కట్టిన చెరువును కాపాడడానికి ఊరిలో ఉద్యోగాలు ఏర్పడ్డాయి. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎన్ని గడియలు నీరు పారాలి అన్నది చూచేవాడు నీరుగంటి. లెక్క వ్రాసేవాడు కరణం, కన్నడ గ్రామాలలో శానుభోగు. కావలికి తలారి, కబురుకు తోటి. వీరికి రొక్కం జీతం లేదు. కళ్ళంలో కుప్ప నూర్చినపుడు గింజలలో వంతు, కొంత మాన్యం. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి కూడ ఈ పద్ధతిలోనే చేరి ఆయగాండ్ర వ్యవస్థ నిలిచింది. వృత్తి తండ్రి నుండి కొడుకునకు సంక్రమించేది. ఊరు తనకు తానే ఒక లోకమన్నట్లు కనిపించడానికి కారణం ఈ ధాన్యపు వంతులే.

ఈ వ్యవస్థను పొగడినవారు ఎందరో ఉన్నారు. కాని తూము ప్రక్కన మాగాణి ఎవరిది, కొసన మెట్ట ఎవరిది అని చూస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. నీరు మొదట అందే వరిమడి సాధారణంగా పలుకుబడి గల కులాల చేతిలో ఉండేది. చెరువు మన్ను మోసినవారు, కట్టకు గండి పడితే అర్ధరాత్రి పరుగెత్తినవారు చాలావరకు సెంటు మాగాణి లేనివారు, రాగి సంకటితో సరిపెట్టుకొన్నవారు. వరి, రాగి అన్న రెండు పంటల మధ్య గీత కులాల మధ్య గీతకు దగ్గరగా నడిచింది.

ఇక్కడ ఒక సిద్ధాంత చర్చను కూడ ప్రస్తావించాలి. కార్ల్ విట్ఫోగెల్ అనే జర్మన్ పండితుడు 1957లో ప్రకటించిన గ్రంథంలో, పెద్ద నీటిపారుదల పనులకు పెద్ద అధికార యంత్రాంగం అవసరమనీ, అందువలననే ఆసియాలో నిరంకుశ రాజ్యాలు పుట్టాయనీ వాదించాడు. దక్షిణాది చెరువులు ఈ వాదానికి లొంగవు. ఇక్కడ నీటి నిర్వహణ చాలావరకు ఊరి చేతిలో, గుడి చేతిలో, స్థానిక నాయకుల చేతిలో ఉండేది. నీటిపారుదల సమాజాన్ని మలచిన మాట నిజమే. కాని ఏ నీటిపారుదల, ఎంత పెద్దది, ఎవరి అదుపులో అన్న ప్రశ్నలు వేయకుండా ఒకే సూత్రాన్ని అన్నిచోట్లా వర్తింపజేయరాదు.

పసిడి తెచ్చిన పట్టణం

కోలారు నేలలో బంగారం ఉన్నదన్న సంగతి ప్రాచీన కాలం నుండి తెలిసినదే. 1802లో సరిహద్దుల సర్వే పనిపై వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారి ఉరిగాం, మారికుప్పం పరిసరాల గ్రామస్థులు మన్నును కడిగి బంగారు రవలు తీయడం చూచి, ఆ వివరాలు వ్రాసి ఉంచాడు. అప్పటికి అది వ్యవసాయం లేని రోజులలో చేసే ఉపవృత్తి మాత్రమే. అదే బంగారం, అవే ఊళ్ళు. అయినా సమాజం మారలేదు. ఎందుచేతనంటే లోతుకు దిగే యంత్రం లేదు, దానికి పెట్టే పెట్టుబడి లేదు.

1870వ దశకంలో మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం నుండి అనుమతి పొంది త్రవ్వకాలు మొదలుపెట్టాడు. కాని ఒక్కని వలన అయ్యే పని కాదని తేలింది. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశం చేసిన తరువాతనే, ఆ దశకం మధ్యలో గొప్ప పసిడి రేఖ చిక్కింది. ఆ రేఖ వెంట మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరేగాం, నందిదుర్గం గనులు సాగాయి.

అటుపిమ్మట జరిగిన మార్పు ఆశ్చర్యకరం. 1894లో బౌరింగుపేట నుండి, అంటే నేటి బంగారుపేట నుండి, మారికుప్పానికి రైలు మార్గం వచ్చింది. బేతమంగళం చెరువు నుండి గనులకు నీరు తెచ్చారు. తరతరాలుగా మళ్ళకు పారిన చెరువు ఇప్పుడు యంత్రాలకు, కార్మికుల ఇండ్లకు పారింది. 1902లో కావేరి మీద శివసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి గనులకు చేరింది. ఆనాటికి అంత దూరం విద్యుత్తును పంపడం గొప్ప విశేషం. బెంగళూరు వీధులలో దీపాలు వెలిగినది 1905లో. రాజధాని నగరం కంటె మూడేండ్లు ముందు గనికి కరెంటు వచ్చిందన్న ఒక్క వాస్తవం చాలును, ఉత్పత్తి అవసరాలు నాగరికతను ఏ దారిలో నడిపిస్తాయో తెలియడానికి.

శ్రమ కొత్తది, గీతలు పాతవి

గనిలో దిగినవారు ఎవరు? ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు ప్రాంతాల నుండి వచ్చిన పేదలు. వారిలో అత్యధికులు తమిళ దళితులు. తెలుగువారు, కన్నడిగులు కూడ ఉన్నారు. పల్లెలో భూస్వామికి కట్టుబడిన కుటుంబానికి గని ఒక విడుదల ద్వారం. పని కఠినమే గాని, నెలకు చేతిలో రొక్కం పడేది. వాడలో పుట్టినవాడు పట్టణవాసి అయినాడు.

అయితే గని యాజమాన్యం కొత్త సమాజాన్ని శూన్యం నుండి నిర్మించలేదు. దొరల బంగళాలు, క్లబ్బు, తోటలు ఒక వైపు. ఆ వైభవం చూచి ఈ పట్టణాన్ని చిన్న ఇంగ్లండు అనేవారు. ఆంగ్లో ఇండియన్లకు మధ్య శ్రేణి ఉద్యోగాలు, ఇండ్లు మరొక వైపు. వెదురు తడికల గుడిసెల వరుసలలో కార్మికులు ఇంకొక వైపు. విద్యుత్తులో దేశానికే మార్గదర్శి అయిన చోట, కార్మికుల లైన్లలో పొడి మరుగుదొడ్లను చేతితో ఎత్తే దురాచారం గని మూతబడిన తరువాత కూడ కొనసాగింది. ఆ పనికి ఏ కులంవారిని నియమించారో చెప్పనక్కర లేదు. యంత్రం వచ్చినంత మాత్రాన కులం పోదని దీని తాత్పర్యం.

గని లోతు ఛాంపియన్ రీఫ్‌లో 3 కిలోమీటర్లు మించింది. లోతుకు పోయినకొద్దీ రాతి వేడి పెరిగింది, ఒత్తిడికి రాళ్ళు బ్రద్దలయ్యే ప్రమాదాలు ఎక్కువైనాయి. అన్నిటికంటె నిశ్శబ్దంగా చంపినది రాతి ధూళి. 1940వ దశకంలో 7,653 మంది గని కార్మికులను పరీక్షించగా దాదాపు 44 శాతం మందికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నట్లు తేలింది. నూరింట నలుబది నాలుగు! సుమారు 120 ఏండ్లలో ఈ గనులు ఇచ్చిన 800 టన్నుల బంగారపు లెక్క ప్రక్కన ఈ లెక్కను కూడ వ్రాసి ఉంచాలి.

భూగర్భంలో పుట్టిన చైతన్యం

వేలమంది ఒకే చోట, ఒకే కూతకు లేచి, ఒకే పంజరంలో దిగి, ఒకే ప్రమాదాన్ని ఎదుర్కొన్నపుడు వారిలో ఐక్యత పుడుతుంది. పొలంలో చెదిరి ఉన్న కూలీలకు దుర్లభమైన ఈ ఐక్యతను గని తానే సమకూర్చింది. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసి నమోదు చేయించే పద్ధతిని యాజమాన్యం ప్రవేశపెట్టగా, వేలాది కార్మికులు పని ఆపివేశారు. ఆ సమ్మెలో ఎదురు తిరిగింది ఆకలి మాత్రమే కాదు, ఆత్మగౌరవం. 1940వ దశకంలో కార్మిక సంఘాలు బలపడ్డాయి.

చైతన్యం సమ్మెలకే పరిమితం కాలేదు. తమిళ బౌద్ధ ఉద్యమకారుడు అయోతీదాస పండితుని శిష్యులు మారికుప్పంలో బౌద్ధ సంఘాన్ని నెలకొల్పారు. ఆయన గ్రంథాలను కోలారు గనుల పట్టణంలోనే అచ్చువేశారు. ఆయన మరణానంతరం తమిళన్ పత్రిక కొంతకాలం ఇక్కడి నుండే వెలువడింది. పల్లెలో అక్షరానికి దూరంగా ఉంచబడినవారు గని కూలితో ముద్రణాలయం నడిపించారన్నమాట! తరువాతి కాలంలో ఈ నియోజకవర్గం నుండి రిపబ్లికన్ పార్టీవారు, కమ్యూనిస్టులు, ద్రావిడ పార్టీలవారు శాసనసభకు ఎన్నికైనారు. కర్ణాటకంలో మరెక్కడా ఇటువంటి రాజకీయ చరిత్ర కనిపించడం అరుదు.

గని మూత, పట్టణపు వ్యథ

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రం అధీనంలోనికి పోయాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట, బిసానత్తం గనులు కూడ ఈ సంస్థ అధీనంలో ఉండేవి. కాని లోతు పెరిగే కొద్దీ ఖర్చు పెరిగింది, రాతిలో పసిడి పాలు తరిగింది. చివరకు టన్ను రాతికి మూడు నాలుగు గ్రాములు చిక్కడం గగనమైంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. అప్పటికి మిగిలి ఉన్న మూడు వేలకు పైగా కార్మికులు వీధిన పడ్డారు.

ఒక పట్టణం ఒకే ఉత్పత్తి మీద నిలిచినపుడు ఏమి జరుగుతుందో అప్పుడు తెలిసింది. ఇండ్లు, ఆసుపత్రి, నీరు, కరెంటు అన్నీ గనివే. గని పోతే అన్నీ సందిగ్ధమే. నాటి నుండి పట్టణపు దినచర్యకు గని కూత బదులు రైలు కూత ఆధారమైంది. తెల్లవారకముందే మారికుప్పం నుండి బయలుదేరే రైళ్ళలో వేలమంది బెంగళూరుకు పనులకు పోయి, రాత్రికి తిరిగి వస్తారు. 1964లో నెలకొన్న భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారం కొందరికి ఆసరా అయినా, గని విడిచిన ఖాళీని అది పూరించలేకపోయింది.

గని వదలిపోయిన మరొక ఆస్తి సైనైడు గుట్టలు. బంగారం తీసిన తరువాత మిగిలిన పిండి మన్ను పట్టణం చుట్టూ కొండలుగా పేరుకొన్నది. గాలికి ఆ ధూళి ఇండ్లలోనికి వస్తుంది. ఈ గుట్టలలో మిగిలిన పసిడిని తిరిగి తీసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తాతలు తీసి పారబోసిన మన్నులో మనుమలకు జీవనోపాధి దొరుకుతుందా, లేక ధూళి మాత్రమే మిగులుతుందా అన్నది ఆ పట్టణవాసులను వేధించే ప్రశ్న.

పట్టు, పాలు, బోరుబావి

గని చుట్టూ ఉన్న పల్లెలు వేరే దారిన నడిచాయి. పాలు, పట్టు, పసిడి అని ఈ సీమకు పేరు. మల్బరీ తోట, పట్టు పురుగుల పెంపకం చిన్న రైతు ఇంటిలో, ముఖ్యంగా స్త్రీల చేతిలో నడిచే పని. శిడ్లఘట్ట గూళ్ళ సంత దేశమంతటా ప్రసిద్ధం. సహకార పాల సంఘాలు వచ్చిన తరువాత పంట పోయినా ఆవు ఉన్న ఇల్లు నిలబడింది. ఏడాదికొకసారి కళ్ళంలో గింజలు చూచే ఇంటికి పాల బిల్లు తరచుగా చేతికి అందింది. అందుతో పాటు బడి ఫీజు, బస్సు ఛార్జి, ఇంటిలో స్త్రీ మాటకు విలువ కూడ కొంత మారాయి.

కాని ఈ కొత్త ఉత్పత్తికి నీరు బోరుబావి నుండి వచ్చింది. చెరువు అందరిది, బోరు ఒక్కనిది. ఈ చిన్న తేడాతో వేయేండ్ల వ్యవస్థ కదలిపోయింది. 1961 నాటి కర్ణాటక గ్రామోద్యోగాల రద్దు చట్టంతో వంశపారంపర్య పదవులు తొలగాయి. ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు 1984లో రద్దయినాయి. ఆ పదవులు పోవడం న్యాయమే. అయితే చెరువును చూచే బాధ్యతను ఎవరికి అప్పగించారు అన్న ప్రశ్న మిగిలిపోయింది. బోరు ఉన్న రైతుకు చెరువు పూడిక పట్టలేదు. లేని రైతుకు బలం చాలలేదు. భూగర్భ జలం వందల అడుగులు దిగిపోయింది, ఫ్లోరైడు సమస్య వచ్చింది. 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు మళ్ళిస్తున్నారు. పల్లె నుండి మనిషి నగరానికి పోగా, నగరం నుండి వాడిన నీరు పల్లెకు వస్తున్నది. నేటి ఉత్పత్తి సంబంధాలకు ఇంతకంటె స్పష్టమైన చిత్రం దొరకదు.

సిద్ధాంతపు హద్దులు

పై చరిత్ర నుండి మూడు విషయాలు గ్రహించవచ్చును. మొదటిది, ప్రకృతి వనరు తనంత తాను చరిత్రను నడపదు. బంగారం వేల ఏండ్లుగా అక్కడే ఉన్నది. పెట్టుబడి, యంత్రం, కూలి కలిసినపుడే పట్టణం పుట్టింది. రెండవది, ఉత్పత్తి విధానం మారితే అధికారం, కాలగణన, కుటుంబం, చదువు, రాజకీయం మారక తప్పదు. మూడవది, పాత సంబంధాలు కొత్త ఉత్పత్తిలోనికి వేషం మార్చుకొని ప్రవేశించగలవు. కులం చెరువు కట్ట నుండి గనికి, గని నుండి పారిశుద్ధ్యపు పనికి నడచి వచ్చింది.

ఈ మూడవ విషయాన్ని సిద్ధాంతకర్తలు కూడ ఎరుగుదురు. మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1890లో జోసెఫ్ బ్లాఖ్‌కు వ్రాసిన లేఖలో, ఆర్థికాంశం ఒక్కటే అన్నిటినీ నిర్ణయిస్తుందనడం తమ అభిప్రాయాన్ని అర్థరహితం చేయడమేనని స్పష్టపరచాడు. మాక్స్ వెబర్ 1904, 1905లలో ప్రకటించిన వ్యాసాలలో మతవిశ్వాసం కూడ ఆర్థిక ప్రవర్తనను మలచగలదని చూపాడు. మారికుప్పం బౌద్ధులు దీనికి మన నేల మీది ఉదాహరణ. వారి కూలి గనిది. వారి ఆలోచన మాత్రం వారు ఎన్నుకొన్నది.

నేడు నరసాపుర పారిశ్రామిక వాడలో సెల్‌ఫోన్లు, మోటారు వాహనాలు తయారవుతున్నాయి. సరిహద్దుకు ఇరువైపుల నుండి యువతీయువకులు అక్కడికి పనికి పోతున్నారు. వారికి ఈ చరిత్ర తెలియడం అవసరం. కర్మాగారం వచ్చినపుడు ఎన్ని ఉద్యోగాలు అని అడగడం సహజమే. దానితో పాటు నీరు ఎక్కడిది, పని ఎంతకాలం, ఆరోగ్యానికి హామీ ఎవరిది, అది వెళ్ళిపోయిన నాడు ఊరికి మిగిలేది ఏమిటి అని కూడ అడగాలి. చెరువు కట్టినవారు రాబోయే తరాలను తలచి కట్టారు. గని త్రవ్వినవారు పసిడి ఉన్నంత వరకే తలచారు. ఈ రెండు తలపులలో దేనిని అనుసరించి మనం మన ఊళ్ళను నిర్మించుకొంటామన్న దాని మీదనే రేపటి సమాజ రూపం ఆధారపడి ఉంటుంది.